యాక్రిలిక్ షీటు: కౌంటర్ దగ్గర వినే అపోహలు, పనిలో తెలిసిన వాస్తవాలు

షాపుకి వచ్చి "యాక్రిలిక్ కావాలి" అని పేరు పెట్టి అడిగేవాళ్ళు తక్కువ. "ఫైబర్ గ్లాసు ఉందా?" అంటారు, "అద్దంలా ఉండే ప్లాస్టిక్ రేకు" అంటారు. విజయవాడలో నేమ్ బోర్డులు, షోకేసులు, కౌంటర్ స్టాండ్లు చేసే పని నాది. ఏ పేరుతో అడిగినా ఇవ్వాల్సింది ఇస్తాను, దానితో ఇబ్బంది లేదు. పేరు వెంట వచ్చే నమ్మకాలతోనే చిక్కు. పగిలిందనో మసకబారిందనో జనం తిరిగి తెచ్చే వాటిలో షీటు తప్పు ఉన్నవి కొన్నే. గాజుకి చేసే సేవ దీనికి చేసి పాడుచేసుకున్నవే ఎక్కువ.

అపోహ: అద్దాలు తుడిచే లిక్విడ్ కొట్టి తుడిస్తే తళతళలాడుతుంది

2020లో కోవిడ్ రోజుల్లో మందుల షాపులకి, బిల్లింగ్ కౌంటర్లకి అడ్డుతెరలు తెగ చేశాం. కొన్ని నెలలకి ఒక మెడికల్ షాపాయన ఫోన్ చేశాడు. "మీరిచ్చిన షీటు లోపల వెంట్రుకలు ఇరుక్కున్నట్టు గీతలు వచ్చాయండీ, నాసిరకం అంటగట్టారా?" అన్నాడు. వెళ్ళి చూస్తే ఆయన చెప్పినట్టే ఉంది. డబ్బులు అందించే కిటికీ అంచుల చుట్టూ, స్క్రూ రంధ్రాల చుట్టూ సన్నటి మెరుపు గీతలు, సాలెగూడులా. అక్కడ పనిచేసే కుర్రాడు రోజుకి నాలుగైదు సార్లు శానిటైజర్ కొట్టి మరీ తుడుస్తున్నాడు. పాపం, వాడి శ్రద్ధే షీటుని తినేసింది.

దీన్ని మా పనిలో క్రేజింగ్ అంటారు. షీటుని కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, వేడి చేసి వంచినప్పుడు లోపల కొంత బిగువు మిగిలిపోతుంది. కంటికి కనపడదు. అలాంటి చోట ఆల్కహాల్, థిన్నర్, పెట్రోలు, నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ తగిలితే ఆ బిగువు దగ్గర పదార్థం విడిపోయి చిన్న చిన్న పగుళ్ళు పుడతాయి. అమ్మోనియా కలిసిన గ్లాస్ క్లీనర్లు కూడా దీనికి పడవు. పైన పడిన గీత అయితే రుద్ది తీయొచ్చు. ఇవి లోపలికి దిగినవి కాబట్టి పాలిష్‌తో పోవు. పెద్ద ఫ్యాక్టరీల్లో కోత, వంపు అయ్యాక ముక్కల్ని ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి నెమ్మదిగా చల్లార్చి ఆ బిగువు తీసేస్తారు. మా లాంటి చిన్న షాపుల్లో ఆ పని జరగడం అరుదు. దాచి ప్రయోజనం లేదు.

తుడవడానికి గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల షాంపూ, మెత్తటి పాత నూలు గుడ్డ చాలు. పొడిగుడ్డతో, న్యూస్‌పేపర్‌తో రుద్దకండి. దుమ్ములో ఉన్న ఇసుక గీతలు పెడుతుంది. పైగా రుద్దేకొద్దీ షీటులో స్టాటిక్ కరెంటు పుట్టి, పోయిన దుమ్ముకి రెట్టింపు దుమ్ముని పిలుచుకొస్తుంది.

అపోహ: స్క్రూ ఎంత గట్టిగా బిగిస్తే బోర్డు అంత గట్టిగా నిలబడుతుంది

ఇది కస్టమర్ల అపోహ మాత్రమే కాదు, ఫిట్టింగుకి వెళ్ళే కుర్రాళ్ళ అపోహ కూడా. మొదట్లో నాదీ. షాపు పెట్టిన కొత్తలో ఎనిమిది అడుగుల బోర్డు ఒకటి పడమటి ముఖంగా ఉన్న గోడకి, జనవరిలో, స్క్రూలు అరిగేదాకా బిగించి వచ్చాను. ఏప్రిల్ దాటకముందే మూల స్క్రూ నుంచి అక్షరాల మీదుగా పగులు పరిగెత్తింది. కొత్త బోర్డు నా డబ్బుతోనే చేసివ్వాల్సి వచ్చింది.

యాక్రిలిక్ వేడికి గాజు కన్నా దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువ సాగుతుంది. మీటరు పొడవు షీటు ఒక్కో డిగ్రీకి మిల్లీమీటరులో పద్నాలుగో వంతు పెరుగుతుంది. వినడానికి ఏమీ లేనట్టుంటుంది. కానీ ఎనిమిది అడుగుల షీటుకి, చలికాలం తెల్లవారుజాముకీ ఎండాకాలం మధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీల తేడా వేసుకుంటే దాదాపు 7 మిల్లీమీటర్లు. ఆ 7 మిల్లీమీటర్లు ఎటు పోవాలి? దారి ఇవ్వకపోతే వంగుతుంది, లేకపోతే పగులుతుంది. ఇప్పుడు రంధ్రం స్క్రూ కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దగా వేస్తాం, పొడవు బోర్డయితే ఇంకా వదులు ఇస్తాం, మధ్యలో రబ్బరు వాషరు పెడతాం. చేత్తో కదిపితే బోర్డు కొంచెం కదలాలి. "వదులుగా ఉందేంటండీ?" అని ఓనర్లు టెన్షన్ పడతారు. ఆ వదులే దానికి ఆయుష్షు.

ఇనుముకి వాడే డ్రిల్ బిట్టుతో రంధ్రం వేసినా ఇదే గొడవ. ఆ బిట్టు పదార్థాన్ని లాక్కుంటూ పోయి అవతలి వైపు పెచ్చు ఊడగొడుతుంది. కింద చెక్క పెట్టి, ఒత్తకుండా నెమ్మదిగా వేయాలి.

అపోహ: ఇది అన్‌బ్రేకబుల్

కాదు. దెబ్బ తట్టుకోవడంలో గాజు కన్నా పది రెట్ల పైమాటే, అయినా పగులుతుంది. పగిలినప్పుడు గాజులా సూదుల్లాంటి ముక్కలు కాకుండా పెద్ద పెద్ద ముక్కలవుతుంది, అదొక మేలు. సుత్తితో కొట్టినా పగలనిది కావాలంటే అది పాలీకార్బొనేట్. హెల్మెట్ వైజర్లు, పోలీసుల లాఠీఛార్జి షీల్డులు దానితో చేస్తారు. మరి అన్నిటికీ అదే వాడొచ్చు కదా అంటారు. అది యాక్రిలిక్ కన్నా మెత్తన, తొందరగా గీతలు పడుతుంది. పైపూత లేకపోతే ఎండకి పచ్చబడుతుంది.

అపోహ: ఎండలో పెడితే రెండేళ్ళకి పచ్చబడుతుంది

మంచి యాక్రిలిక్ అలా పచ్చబడదు. మామూలు ప్లాస్టిక్కుల్లో ఎండని బాగా ఓర్చుకునే వాటిలో ఇదొకటి. 1972 ఒలింపిక్స్ కోసం జర్మనీలో మ్యూనిక్ స్టేడియానికి కట్టిన గుడారం లాంటి పైకప్పుకి యాక్రిలిక్ పలకలే వేశారు. ఆరుబయట, ఎండకీ మంచుకీ.

మరి మీ బోర్డు ఎందుకు పచ్చబడింది? రెండు కారణాలు ఎక్కువ చూస్తుంటాను. ఒకటి, అది అసలు యాక్రిలిక్కే కాదు. పాలీస్టైరిన్ షీటు చూడ్డానికి ఇలాగే ఉంటుంది, చవక. యాక్రిలిక్ పేరు చెప్పి దాన్ని అంటగట్టేవాళ్ళు ఉన్నారు. రెండోది, తుక్కు యాక్రిలిక్‌ని కాచి తీసిన ద్రవంతో పోసిన షీటు. యాక్రిలిక్‌కి ఒక విచిత్రమైన గుణం ఉంది. బాగా కాలిస్తే మళ్ళీ తాను పుట్టిన ద్రవంగా మారిపోతుంది. మంచి గుణమే. కాకపోతే ఆ ద్రవాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండా పోసిన షీటు కోసేటప్పుడే ఘాటు వాసన కొడుతుంది, రంగూ నిలవదు.

పాలీస్టైరిన్‌ని పట్టుకోవడం తేలిక. గోరంత ముక్క తీసుకుని, ఆరుబయట, పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. పాలీస్టైరిన్ అయితే నల్లటి మసి పోగులు పోగులుగా లేస్తుంది. యాక్రిలిక్ పెద్దగా పొగ లేకుండా, చిటపటమంటూ, పళ్ళ వాసన లాంటి వాసనతో మండుతుంది. పొగని ముఖం పెట్టి పీల్చకండి.

అపోహ: వేడి తగిలినా, మంట తగిలినా ఏమీ కాదు

పై పరీక్ష చదివాక ఈ మాటకి జవాబు అక్కర్లేదు కానీ, పూజ గదుల వల్ల రాయాల్సి వస్తోంది. దేవుడి పటాల వెనక ఓంకారమో తిరునామాలో కోసి, లోపల ఎల్‌ఈడీ లైట్లు పెట్టిన ప్యానెళ్ళు ఈమధ్య అందరూ చేయించుకుంటున్నారు. చాలా అందంగా ఉంటాయి. దానికి ఆనించి దీపం పెడతారు. 80 డిగ్రీలు దాటితే యాక్రిలిక్‌ని నమ్మకూడదు. 105 దగ్గర మెత్తబడుతుంది. మేము వంచడానికి 150, 160 దాకా వేడి చేస్తాం, అప్పుడు తోలులా ఒంగుతుంది. ఒత్తి మంట పైన గాలి వేడి ఆ లెక్కలన్నీ ఎప్పుడో దాటేసి ఉంటుంది. ముందు ప్యానెల్ ఉబ్బుతుంది, తర్వాత అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అంటుకుంటే మండే బొట్లు కిందకి రాలతాయి. ఇలాంటి ప్యానెల్ ఆర్డర్ వస్తే దీపాల పళ్ళెం ఎక్కడ పెడతారని ముందే అడుగుతాను. కుదరకపోతే కింది భాగం రాయితో చేయించుకోమంటాను.

యాక్రిలిక్ ఫినిష్ కిచెన్ తలుపులదీ అదే సంగతి. ప్లై మీదో, చెక్క పొడి ఒత్తి చేసే ఎండీఎఫ్ పలక మీదో అతికిన పల్చటి పొర అది. స్టవ్ మీంచి దించిన మూకుడు ఆనించకపోతే ఏళ్ళ తరబడి మెరుస్తుంది.

అపోహ: మందం పెరిగితే మసకగా కనిపిస్తుంది

గాజు మందం పెరిగేకొద్దీ అందులోని ఇనుము వల్ల ఆకుపచ్చ ఛాయ తేలుతుంది. అద్దం అంచు చూడండి, తెలుస్తుంది. యాక్రిలిక్‌కి ఆ జబ్బు లేదు. దాని మీద పడిన వెలుతురులో 92 శాతం అవతలికి పోతుంది. మిగతాది చాలావరకు రెండు ముఖాల మీద వెనక్కి తిరిగిపోయేదే, లోపల ఇంకిపోయేది అతి కొంచెం. దుబాయ్ మాల్‌లో ఉన్న అక్వేరియం చూసొచ్చిన మనవాళ్ళు చాలామందే ఉంటారు. దాని ముందరి తెర గాజనుకుని ఫొటోలు దిగుతారు. అది యాక్రిలిక్. వెడల్పు 32.88 మీటర్లు, ఎత్తు 8.3 మీటర్లు, మందం 75 సెంటీమీటర్లు. మూరెడున్నర మందం అవతల సొర చేప పొలుసు దాకా కనిపిస్తుంది. అంత పెద్ద పలక ఒక్కటిగా పోయలేరు కాబట్టి ముక్కల్ని అదే జాతి ద్రవంతో అతుకుతారు. అది గట్టిపడ్డాక అతుకు ఎక్కడుందో కంటికి ఆనదు.

మా స్థాయిలో ఆ అతుకు పని క్లోరోఫామ్ చేస్తుంది. సూదితో సందులోకి వదిలితే రెండు ముఖాల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. కిటికీలు తీసి చేయాలి, తల తిరుగుతుంది. ఇంట్లో క్విక్ గమ్ముతో అతికించుకున్నవాళ్ళు మాత్రం అంచు చుట్టూ తెల్లటి పొగమంచులా పట్టిందని వస్తారు. ఆ గమ్ము ఆవిరి చేసే పని అది.

అపోహ: ప్లాస్టిక్ కదా, ఒంటికి పడదు

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయిందా? అయితే ఈ కుటుంబానికి చెందిన పదార్థం వాళ్ళ కంట్లో ఉండే అవకాశం చాలా ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానాల కాక్‌పిట్ పైకప్పులు యాక్రిలిక్‌తో చేసేవారు. తూటాలకి అవి పగిలి, ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకునేవి. ఆ ముక్కలు ఉండిపోయినా కన్ను వాటితో పెద్దగా పేచీ పెట్టుకోవడం లేదని హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు గమనించాడు. 1949 నవంబర్ 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో యాక్రిలిక్ లెన్సుని మొదటిసారి మనిషి కంట్లో పెట్టాడు. తోటి డాక్టర్లు చాలాకాలం ఆయన్ని ఒప్పుకోలేదు. మన దగ్గర మదురైలో 1992లో మొదలైన ఆరోల్యాబ్ ఇవే లెన్సుల్ని తయారుచేసి ధర బాగా దించింది. ఇప్పుడు ఎక్కువగా పెట్టే మడత లెన్సుల్లో చాలావరకు యాక్రిలిక్‌కి మెత్తటి దాయాదులే.

పళ్ళ సెట్టులో చిగుళ్ళ రంగులో ఉండే భాగం కూడా ఇదే. అందుకే దాన్ని మరిగే నీళ్ళలో వెయ్యొద్దని డెంటిస్టులు చెబుతారు. వేస్తే ఆకారం మారిపోయి, నోట్లో కూర్చోదు.

స్వెట్టర్ మీద రాసి ఉండే యాక్రిలిక్ మాత్రం వేరు. మనం కాష్మిలాన్ అని పిలిచే ఆ ఊలు పేరుకే చుట్టం, రసాయనం వేరు. గోడలకి వేసే యాక్రిలిక్ ఎమల్షన్ దగ్గరి బంధువే.

అపోహ: గీత పడిందంటే పారెయ్యడమే

గోరుకి తగలని గీతయితే మెటల్ పాలిష్ మెత్తటి గుడ్డ మీద వేసి గుండ్రంగా రుద్దితే పోతుంది. గోరుకి తగిలితే 600 నంబరు నీటి సాండ్‌పేపర్, తర్వాత 1200, ఆ తర్వాత పాలిష్. మధ్యలో షీటు మొత్తం పాలలా తెల్లబడుతుంది, అప్పుడు భయపడి ఆపేస్తారు. ఆపకండి.

అపోహ: లేజర్ మెషీన్ ఉంటే ఏ ప్లాస్టిక్కునైనా కోసేయొచ్చు

దీని మీద మాత్రం నేను మొండివాణ్ణి. యాక్రిలిక్ లేజర్ కింద హాయిగా తెగుతుంది, అంచు కూడా పాలిష్ చేసినట్టు వస్తుంది. అది చూసి, సన్‌బోర్డు పేరుతో దొరికే పీవీసీ ఫోమ్ షీటు తెచ్చి "ఇదీ కోసిపెట్టండి, డబ్బులు ఎంతైనా ఇస్తాం" అంటారు. పీవీసీలో క్లోరిన్ ఉంది. లేజర్‌కి కాలితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి వస్తుంది. ముందు మా ఊపిరితిత్తులు, తర్వాత మెషీన్ అద్దాలు, పట్టాలు తుప్పు. ఏ షీటో అనుమానం వస్తే రాగి తీగ ఎర్రగా కాల్చి షీటు అంచుకి తాకించి, మళ్ళీ మంటలో పెడతాం. మంట ఆకుపచ్చగా వెలిగిందా, క్లోరిన్ ఉన్నట్టే. ఆ ముక్క, తిరిగే బిట్టుతో కోసే రౌటర్ మెషీన్ మీదికి పోతుంది. లేదంటే తెచ్చినాయన చేతికే తిరిగి ఇచ్చేస్తాం.