నోరు లేని నొప్పికి మార్కులు ఎలా వచ్చాయి?

పసిబిడ్డకు నొప్పి తెలియదంటే ఇవాళ ఎవరికైనా ఒళ్లు మండుతుంది కానీ, 1980ల దాకా చాలామంది డాక్టర్ల నమ్మకం అదే. దానికి ఒక మూలం 1941లో అమెరికన్ మనస్తత్వవేత్త మిర్టిల్ మెక్‌గ్రా రాసిన పరిశోధన. గుండుసూదితో గుచ్చినా, అప్పుడే పుట్టిన పిల్లల్లో కొందరు ఉలకలేదు పలకలేదని ఆవిడ గమనించారు. దాన్నిబట్టి, మెదడు ఇంకా ఎదగలేదు కాబట్టి నొప్పీ ఉండదని డాక్టర్లు అనుకున్నారు. కదలకపోవడం వేరు, నొప్పి లేకపోవడం వేరు కదా! పైగా మత్తుమందును పసిప్రాణం తట్టుకోలేదన్న భయం నిజంగానే ఉండేది, దానికి ఈ నమ్మకం బాగా కలిసొచ్చింది.

1985లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన జెఫ్రీ లాసన్‌కు గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. ఇచ్చింది పాన్‌క్యూరోనియం. అది కండరాలను కదలనివ్వదు, అంతే, నొప్పిని ఇసుమంతైనా తగ్గించదు. బిడ్డ పోయాక సంగతి తెలిసిన తల్లి జిల్ లాసన్ ఊరుకోలేదు, 1986లో అది పత్రికలకెక్కింది. ఆ మరుసటి ఏడాదే ఆక్స్‌ఫర్డ్‌లో కన్వల్‌జీత్ ఆనంద్ బృందం చేసిన అధ్యయనం వచ్చింది: ఇలాంటి ఆపరేషన్‌లోనే ఫెంటానిల్ అనే నొప్పి తగ్గించే మందు కూడా ఇచ్చిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువ, తర్వాతి ఇబ్బందులూ తక్కువ.

సరే, నొప్పి ఉంది. ఎంత ఉందో ఎలా తెలియాలి?

1997 నాటి ఫ్లాక్ స్కేల్‌లో ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఎత్తుకుంటే ఊరుకోవడం, ఒక్కోదానికి 0 నుంచి 2 వేసి మొత్తం 10కి లెక్కిస్తారు. నాకు మాత్రం 1996 నాటి పిప్ స్కేలే ఆసక్తిగా అనిపిస్తుంది. కనుబొమలు ముడిపడటం, కళ్లు గట్టిగా మూసుకోవడం, ముక్కు పక్కన గీత పడటం, గుండె వేగం, ఆక్సిజన్ ఇవన్నీ చూస్తారు, అక్కడితో ఆగకుండా 28 వారాల లోపే పుట్టిన బిడ్డకు వయసు పేరిటే 3 మార్కులు కలుపుతారు, ఎందుకంటే అంత చిన్న ప్రాణానికి గట్టిగా ఏడ్చే ఓపిక కూడా ఉండదు. మెక్‌గ్రా రోజుల్లో నొప్పి లేదనడానికి సాక్ష్యమైన ఆ మౌనానికే ఇక్కడ మార్కులు పడుతున్నాయి.

జెఫ్రీలా కండరాలు కదలకుండా మందు ఇచ్చిన బిడ్డ విషయంలో మాత్రం ముఖం చూసి వేసే మార్కులు ఇప్పటికీ పనికిరావు. అప్పుడు మానిటర్ మీద గుండె వేగం, బీపీ చూసి అంచనా వేసుకోవాల్సిందే, కానీ గుండె వేగం జ్వరానికీ పెరుగుతుంది.