రెండో కొస లేని పోగు

బరంపురం నుంచి ఒక లారీ డ్రైవరు అడిగారు: "హెచ్‌ఐవీ రాకుండా రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. గిరిసోల దాటాక రెండు రోజులు మర్చిపోయాను. అంతా పోయినట్టేనా?"

ఆ మాత్ర పేరు ప్రెప్. టెనోఫోవిర్ 300, ఎమ్‌ట్రిసిటబిన్ 200 మిల్లీగ్రాములు. ఏం చేస్తుందో చెప్పాలంటే మా అమ్మమ్మ గుర్తొస్తుంది. మగ్గం దగ్గర మిగిలిన పట్టు తుంపులను ఆవిడ పారేసేది కాదు. బుట్టలో చెయ్యి పెట్టి చేతికి దొరికిన ముక్కను తీసి, కొసకు కొస మెలిపెట్టి అతికి, కండెకు చుట్టేది.

వైరస్ మన రక్షణ కణంలోకి దూరి చేసేదీ అదే. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైము దాని ఆర్‌ఎన్‌ఏను చూస్తూ, కణంలోని ఎ, టి, జి, సి అనే డీఎన్‌ఏ అక్షరాల తుంపులను ఒక్కొక్కటే అతికి, దాదాపు 9,700 అక్షరాల డీఎన్‌ఏ పోగు తయారుచేస్తుంది. టెనోఫోవిర్ దొంగ ఎ. కణంలో రెండు ఫాస్ఫేట్లు తగిలించుకున్నాక అచ్చం అసలుదానిలా ఉంటుంది. ఒక కొస అతుక్కుంటుంది. రెండో కొస, అంటే తర్వాతి అక్షరం తగులుకునే హైడ్రాక్సిల్, దానికి లేదు. అక్కడితో పోగు ఆగిపోతుంది. ఎమ్‌ట్రిసిటబిన్ దొంగ సి.

కాబట్టి అసలు సంగతి బుట్టలో, అంటే కణంలో, అసలువి ఎన్ని, దొంగవి ఎన్ని అన్నది. టెనోఫోవిర్ రక్తద్రవంలో దాదాపు 17 గంటల్లో సగమైపోతుంది. కణాల్లో తయారైన దొంగ ఎ మాత్రం రోజుల తరబడి నిలుస్తుంది. కొన్ని కొలతల్లో అది సగమవడానికి 150 గంటలు పట్టింది. అంటే కొన్ని వారాలు సరిగ్గా వేసుకున్నవారి బుట్ట రెండు రోజుల్లో ఖాళీ కాదు. గుర్తొచ్చిన వెంటనే మళ్లీ మొదలుపెట్టాలి. అయితే ఒంట్లో ఉన్నది ఒక్క బుట్ట కాదు. మలద్వారపు పొరల్లో ఈ మందు బాగా పోగవుతుంది. మగవారితో సంబంధం ఉన్న మగవారిలో, వారానికి 4 మాత్రలకు సరిపడా మందు రక్తంలో కనిపించినవారెవరికీ ఇన్ఫెక్షన్ రాలేదని 2014లో వచ్చిన ఐప్రెక్స్ కొనసాగింపు అధ్యయనం చూపింది. యోని పొరల్లో దొంగ తుంపులు తక్కువ, అసలు తుంపులు ఎక్కువ. అందుకే ఆడవాళ్లకు వారానికి 6 నుంచి 7 కావాలని లెక్కలు తేలాయి. డ్రైవరుగారికి దొరికిన వెసులుబాటు ఆడవాళ్లకు అంతగా లేదు, ఇది ముఖం మీదే చెప్పాలి.

మాత్ర తెచ్చుకున్నారంటే మింగినట్టేనా? దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో ఆడవాళ్లపై జరిగిన వాయిస్ అనే ప్రెప్ అధ్యయనంలో, తిరిగిచ్చిన మాత్రలు లెక్కపెడితే చాలావరకు వేసుకున్నట్టే కనిపించింది. రక్తం తీసి చూస్తే మందు కనిపించిన నమూనాలు మూడో వంతు కూడా లేవు. వాళ్లను అబద్ధాలకోరులు అనడం నాకు నచ్చదు.

ఎందుకు మానేస్తారు అంటే మా గంజాం వైపు మొదట వినిపించేది పథ్యం. "మందులో ఉండి చేప తినకూడదు" అంటారు, చేపల కూర ఉన్న రోజున మాత్ర మానేస్తారు. ఈ మాత్రకు పథ్యం లేదు, చేప తిని కూడా వేసుకోవచ్చు. మొదటి రెండు మూడు వారాలు వికారంగా ఉంటే "వేడి చేసింది" అని ఆపేస్తారు. చాలామందిలో అది దానంతటదే తగ్గుతుంది. మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష తప్పదు. వైరస్ ముందే వచ్చి ఉంటే ఈ రెండు మందులు దాన్ని ఆపలేవు, పైగా మందుకు లొంగని రకం పుట్టే వీలుంది.

రెండోది, డబ్బా. అది ఎయిడ్స్ మందు డబ్బాలాగే ఉంటుంది, కదిపితే గలగలమంటుంది. సూరత్ మరమగ్గాలకు వెళ్లే కుర్రాళ్లు పదిమంది ఒకే గదిలో ఉంటారు. అక్కడ ఆ చప్పుడు వాళ్లకు పెద్ద టెన్షన్. అందుకని మాత్రలన్నీ ప్లాస్టిక్ సంచిలో పోసుకుంటారు. డబ్బాలో ఉన్న చిన్న సిలికా జెల్ పొట్లాన్ని పారేస్తారు. తేమ తగిలితే మాత్ర పాడవుతుంది, సముద్రం పక్కనున్న మా జిల్లాలో వానాకాలం గురించి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు లెనకపవిర్ వచ్చింది, ఆరు నెలలకు ఒకసారి చర్మం కింద ఇంజెక్షన్. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో దాన్ని తీసుకున్న 2,134 మంది ఆడవాళ్లలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. డబ్బా లేదు, చప్పుడు లేదు. హైదరాబాద్ కంపెనీలు రెండు 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు తయారుచేసి ఇస్తామని ప్రకటించాయి. అది ఊళ్లోకి వచ్చేదాకా మాత్రే.

ఈ మాత్రలు వాడే ఒకావిడకు తోటి ఆడవాళ్లకు సాయపడే పీర్ ఎడ్యుకేటర్ ఒక చిట్కా చెప్పింది. డబ్బా మార్చొద్దు, పొట్లం తీయొద్దు, పైన కాస్త దూది కుక్కి మూత బిగించు అంది. ఆవిడ డబ్బాను బియ్యం డబ్బాలో దాచుకుంది. రోజూ పొద్దున అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు చేతికి తగులుతుంది.