అమార్గి: లగాష్‌లో అప్పులు కొట్టేసిన కథ

రుణమాఫీ మీద వాదన మొదలైతే చాలు, ఇదేదో ఓట్ల కోసం ఈమధ్య కనిపెట్టిన వ్యవహారం అన్నట్టు మాట్లాడతారు. నాకు మాత్రం వెంటనే లగాష్ గుర్తొస్తుంది. ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో ఉండిన సుమేరియన్ రాజ్యం అది, గిర్సు దాని ముఖ్య నగరం. 1877లో ఫ్రెంచి దౌత్యాధికారి ఎర్నెస్ట్ ద సార్జెక్ అక్కడి దిబ్బలు తవ్వించడం మొదలుపెట్టాక బయటపడ్డ మట్టి శాసనాల్లో అప్పు, వడ్డీ, మాఫీ మూడూ ఉన్నాయి. దాదాపు 4,400 ఏళ్ల కిందటి మాట.

అక్కడ వానలు తక్కువ, కాలువ పారితేనే బార్లీ. కూలీ ఇచ్చేది బార్లీతోనే, రొట్టె, బీరు చేసుకునేదీ దాంతోనే. పంట పోతే అప్పే గతి. బార్లీ అప్పుకి మామూలు వడ్డీ మూడో వంతు, అంటే మూడు కుంచాలు తెచ్చుకుంటే నాలుగు కొలవాలి. వడ్డీని 'మాష్' అనేవాళ్లు, మేకపిల్లకీ అదే మాట. తీర్చలేనివాడు పెళ్లాన్నో బిడ్డనో అప్పిచ్చినవాడి ఇంటికి చాకిరీకి పంపాల్సి వచ్చేది.

పక్కనున్న ఉమ్మా నగరంతో లగాష్‌కి తరాల తరబడి పొలం తగాదా, కాలువ తగాదా. ఆ పొలం వాడుకున్నందుకు ఉమ్మా పడ్డ బార్లీ బాకీ, వడ్డీ మీద వడ్డీ చేరి, ఏ ఊరూ పండించలేనంత అయిందని లగాష్ రాజు ఎన్మెతెనా రాయించాడు. చక్రవడ్డీ గురించి దొరికిన తొలి రాతల్లో అదొకటి. అదే ఎన్మెతెనా సొంత జనానికి బాకీలు రద్దు చేసి, తల్లిని బిడ్డ దగ్గరికి, బిడ్డను తల్లి దగ్గరికి చేర్చానని చెప్పుకున్నాడు. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు 'అమార్గి', అక్షరాలా అమ్మ దగ్గరికి తిరిగి రావడం. 'అమ' అంటే అమ్మే, అలాగని సుమేరియన్ మన భాషకు చుట్టమని కాదు, దానికి బంధుభాష ఏదీ రుజువు కాలేదు.

తర్వాత, క్రీ.పూ. 2350 ప్రాంతంలో లగాష్‌కి ఉరుకగిన రాజుగా వచ్చాడు. శవాన్ని పూడ్చడానికి ఏడు కుండల బీరు, 420 రొట్టెలు గుంజుతుంటే మూడు కుండలకి, 80 రొట్టెలకి దించాడు. కిందివాడి గాడిద పైఅధికారికి నచ్చితే, నాకు నచ్చిన ధర ఇస్తేనే అమ్ముతానని వాడు చెప్పొచ్చు, అమ్మనన్నందుకు కొట్టకూడదు. ఈ ఒక్క నిబంధన చదివితే చాలు, అంతకుముందు ఆ ఊళ్లో ఏం జరిగేదో అర్థమైపోతుంది! అప్పులపాలై చెరలో పడ్డవాళ్లనీ వదిలిపెట్టాడు. అతన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు, దేవత బౌకి తిరిగి ఇచ్చేశానన్న భూముల పెత్తనం అతని రాణి షాషా చేతిలోనే ఉండింది. పదేళ్లు నిండకుండానే ఉమ్మా రాజు లుగల్‌జగేసి వచ్చి లగాష్ గుళ్లు కొల్లగొట్టాడు.

మాఫీ మాత్రం ఆగలేదు. ఏడు వందల ఏళ్ల తర్వాత బాబిలోన్ రాజు అమ్మిసదూక ఇచ్చిన శాసనం చాలావరకు దొరికింది. అందులో ఇంటి అవసరానికి తెచ్చిన బార్లీ, వెండి అప్పులు రద్దు, వ్యాపారంలో పెట్టుబడిగా తీసుకున్నవి కావు. వడ్డీకి అప్పిచ్చి, అమ్మకమనో పెట్టుబడి అనో పత్రం రాయించుకునే వాళ్లుంటారని కూడా ముందే ఊహించారు, అలాంటి చోట సాక్షుల్ని పిలిచి నిజం తేల్చమన్నారు.