షుగరా, స్టెరాయిడా: బ్లాక్ ఫంగస్ తగువు వెనక 2020

బ్లాక్ ఫంగస్ పేరు మళ్లీ వినబడగానే పాత తగువూ లేచింది. రోగికి షుగర్ ఉండబట్టే వచ్చిందని ఒక పక్షం. ఆ షుగర్‌ను ఎగదోసిన స్టెరాయిడ్ ఎవరు రాశారని రెండో పక్షం. 2021 మే నెలలో, కొవిడ్ రెండో వేవ్ వేళ, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దగ్గర పడిగాపులు, ఇంజెక్షన్ కోసం ఊరూరా ఫోన్లు అందరికీ గుర్తే. తిరగేయాల్సింది అంతకు ముందటి ఏడాది.

2020 జూన్‌లో, కొవిడ్ రోగుల మీద మందులను పరీక్షించిన బ్రిటన్ రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, మహా అయితే 10 రోజులు. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లలో మరణాలు తగ్గాయి, అక్కర్లేనివాళ్లకు మేలేమీ కనబడలేదు. మన దగ్గర చాలాచోట్ల మొదటి ముక్కే చెవికెక్కింది. వాట్సాప్‌లో తిరిగిన మందుల చీటీ పట్టుకుని, జ్వరం తగిలిన రెండో రోజే మాత్ర వేసుకున్నవాళ్లు ఎందరో.

ఆ ఏడాది సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా 16 ఆసుపత్రుల కేసులను మన డాక్టర్లే పరిశీలించారు. 287 మంది మ్యూకర్ (బ్లాక్ ఫంగస్ అసలు పేరు) రోగుల్లో 187 మందికి కొవిడ్ ముడిపడి ఉంది. 2019లో అవే నెలలతో పోలిస్తే కేసులు 2.1 రెట్లు. ఆ 187 మందిలో దాదాపు మూడోవంతుకు కొవిడ్ తప్ప మరో జబ్బే లేదు. స్టెరాయిడ్లను తప్పుగా వాడటం ఒక కారణంగా విడిగా తేలింది. ఇదంతా రెండో వేవ్‌కు ముందటి సంగతి. పరిశోధన అచ్చయ్యేసరికి ఆ వేవ్ వచ్చేసింది.

షుగర్ వాదనలోనూ నిజం ఉంది. 2021 జూన్ చివర కేంద్రం చెప్పిన 40,845 కేసుల్లో 64 శాతం షుగర్ రోగులే. స్టెరాయిడ్ వాడినవాళ్లు 53 శాతం. ఫంగస్ వాటివల్లే వచ్చిందంటూ ఆక్సిజన్ సిలిండర్ల మీద, మాస్కుల మీద వేసిన నిందకు ఇంత గట్టి లెక్క దొరకలేదు.

నిజానికి నలుపు ఈ ఫంగస్ రంగు కాదు. అది రక్తనాళాల్లోకి చొరబడి రక్తం ఆపేస్తే చచ్చిన కండ రంగు. అక్కడికి మందు చేరదు కాబట్టి కోసి తీయాల్సిందే. ముక్కులోంచి చిన్న ముక్క తీసి కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే గంటల్లో ఆనవాలు దొరుకుతుంది. కొన్ని ఇతర ఫంగస్‌లను పట్టే గెలాక్టోమానన్ పరీక్షకు ఇది చిక్కదు, వొరికోనజోల్ అనే ఫంగస్ మందుకు లొంగదు. లైపోసోమల్ యాంఫోటెరిసిన్ అనే ఇంజెక్షన్‌ను కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు ఎక్కించాలి. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 50 మిల్లీగ్రాముల వయల్స్ 6, అదీ వారాల తరబడి. ఆ మందు మీద 5 శాతం జీఎస్టీ ఎత్తేయాలని జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది 2021 జూన్ 12న. తెలంగాణ ఈ జబ్బును నోటిఫై చేసి (కేసులు ప్రభుత్వానికి తప్పక తెలపాలని చెప్పి) అప్పటికే మూడు వారాలు దాటింది.