ఈ పుట్టగొడుగు తినొచ్చా, నాకు బొమ్మలు వస్తాయా, పిందె ఎందుకు రాలింది? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌ కాలనీ పార్కుల్లో, కమ్యూనిటీ హాళ్ళలో వారాంతాల్లో తరగతులు నడుపుతుంటాను. మొక్కల బొమ్మలు వేయడం, పుట్టగొడుగులను గుర్తించడం, పెంచడం, మిద్దె తోట సాగు నేర్పుతాను. బడి పిల్లల నుంచి రిటైరైన తాతయ్యల దాకా అందరూ వస్తారు. పైకి ఇవి మూడు విషయాలు. నా దృష్టిలో చదువు ఒక్కటే: కంటి ముందున్న ప్రాణిని తొందరపడకుండా, వివరంగా చూడటం. వచ్చేవాళ్ళు మాత్రం ముందుగా అడిగేది ఒక చిట్కా. చూసే శ్రమ తప్పించే చిట్కాల్లో ఎక్కువభాగం అపోహలే. వాటిలో కొన్ని ప్రాణాలు తీస్తాయి కాబట్టి వాటితోనే మొదలుపెడతాను.

"వెండి చెంచా వేసి ఉడికించాం, నల్లబడలేదు. ఇక తినొచ్చు"

వెండి బదులు వెల్లుల్లి, పసుపు, బియ్యపు గింజలు అనేవాళ్ళూ ఉన్నారు. పురుగు కొరికిందైతే మంచిదంటారు, రంగురంగులుగా ఉంటేనే విషమంటారు, టోపీ మీద పొర ఊడివస్తే తినొచ్చంటారు. వీటిలో ఒక్కటి కూడా నమ్మదగింది కాదు. మనుషుల్ని చంపే అమటాక్సిన్ అనే విషం వెండిని నల్లబరచదు. మనకు విషమైన పుట్టగొడుగులను నత్తలు, పురుగులు హాయిగా తింటాయి. ప్రపంచంలో ఎక్కువ మరణాలకు కారణమైన డెత్ క్యాప్ అనే పుట్టగొడుగు చూడటానికి సాదాసీదాగా, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపులో ఉంటుంది. ఎంత ఉడికించినా, ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పోదు.

ఈ విషం పనిచేసే తీరు తెలుసుకోవడం చాలా అవసరం. తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరు గంటలు దాటాక, ఒక్కోసారి పన్నెండు గంటలకు గానీ వాంతులు, విరేచనాలు మొదలుకావు. ఒకరోజు తర్వాత తగ్గినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు "అమ్మయ్య" అనుకునే ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. మూడు నాలుగు రోజులకు కామెర్లు బయటపడేసరికి పరిస్థితి చేయి దాటిపోవచ్చు. అందుకని పుట్టగొడుగు కూర తిన్నాక చాలా గంటలకు వాంతులు మొదలైతే మజ్జిగలు, కషాయాలతో కాలక్షేపం చేయకండి. మిగిలిన కూర, వండగా మిగిలిన ముక్కలు, ఏరిన చోటు ఫోటోతో సహా పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి. తగ్గినట్టు అనిపించినా వెళ్ళండి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదమూడు మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్ళు.

"మా అమ్మమ్మ ఏరేది, మాకు తెలుసు"

ఈ మాటను నేను కొట్టిపారేయను. తొలకరి వానలకు పుట్టల మీద లేచే పుట్టగొడుగులను ఊళ్ళలో, ఏజెన్సీ గూడేల్లో తరతరాలుగా ఏరుకుని తింటున్నారు. అది గట్టి జ్ఞానం. ఆ రకాలకూ చెదలకూ ఉన్న బంధం చాలా గొప్పది. పుట్ట లోపల చెదలు తాము తెచ్చిన ఆకు, పుల్ల మీద ఆ శిలీంధ్రాన్ని పెంచుతాయి, దాన్నే తింటాయి. అందుకే వాటిని మన గదుల్లో పెంచడం ఇంతవరకు వీలుపడలేదు. కానీ అమ్మమ్మకు తెలిసింది ఆ ఊరి నేల, ఆ పుట్టలు, ఆ నాలుగైదు రకాలు. ఊరు మారితే ఆ జ్ఞానం వెంట రాదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. కాలిఫోర్నియా ఓక్ చెట్ల కింద మొలిచే డెత్ క్యాప్, లేతగా ఉన్నప్పుడు, మన వరిగడ్డి పుట్టగొడుగులాగే కనిపిస్తుంది. ఆసియా దేశాల నుంచి అక్కడికి వెళ్ళిన కుటుంబాలు అలా పొరబడి ఆసుపత్రుల పాలైన సంగతి అక్కడి వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు.

హైదరాబాద్‌ పచ్చిక బయళ్ళలోనూ ఒక మోసగత్తె ఉంది. వానాకాలంలో పెద్ద తెల్లటి టోపీ, దాని మీద గోధుమరంగు పొలుసులు, కాడకు ఒక ఉంగరం. పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. ప్రాణం తీయడం అరుదు గానీ, తిన్న కొన్ని గంటల్లోనే విపరీతమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దీన్ని పట్టుకునే పద్ధతిని పిల్లలకు చాలా ఇష్టంగా నేర్పుతాను. టోపీ కోసి, కింది రేకులు కాగితానికి ఆనేలా తెల్ల కాగితం మీద బోర్లించి, గ్లాసు మూత పెట్టి రాత్రంతా వదిలేస్తాం. తెల్లారేసరికి సిద్ధబీజాలు, అంటే పుట్టగొడుగుకు విత్తనాల్లాంటి సన్నని పొడి, రాలి కాగితం మీద అచ్చు పడుతుంది. దీని అచ్చు లేత ఆకుపచ్చ. ఆ రంగు పుట్టగొడుగుల్లో చాలా అరుదు. అయితే ఈ అచ్చు గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆధారాల్లో ఒకటి మాత్రమే. అచ్చు తెల్లగా పడినంత మాత్రాన తినొచ్చని కాదు, డెత్ క్యాప్ అచ్చు కూడా తెలుపే. నా తరగతిలో నియమం ఒక్కటే: చూస్తాం, గీస్తాం, ముట్టుకుంటే చేతులు కడుక్కుంటాం, బయట ఏరింది వండుకోం. ఫోన్ యాప్ చెప్పిందని ఎవరైనా అంటే నాకు నిజంగా భయం వేస్తుంది. పైనుంచి తీసిన ఒక్క ఫోటోలో కాడ మొదలు కనిపించదు, రేకులు కనిపించవు, వాసన అసలే రాదు.

"కుండీలో పుట్టగొడుగు వచ్చింది, మొక్క చచ్చిపోతుంది"

చావదు. వానాకాలంలో కుండీల్లో పసుపుపచ్చగా, బొమ్మల్లా లేచేది ల్యూకోకొప్రినస్ అనే రకం. అది మీ మట్టిలో కుళ్ళుతున్న ఆకు, కంపోస్టు తిని బతుకుతుంది, మీ మొక్క జోలికి రాదు. మట్టిలో జీవం ఉందనడానికి అది గుర్తు. తినకూడదు, అంతే. చిన్నపిల్లలు, పెంపుడు కుక్కలు ఉన్న ఇంట్లో తీసి పారేయండి. తీసినా మళ్ళీ వస్తుంది, ఎందుకంటే మనకు కనిపించే పుట్టగొడుగు చెట్టుకు కాసిన మామిడికాయ లాంటిది. చెట్టంతా మట్టిలో సన్నని తెల్లటి దారాలుగా పరుచుకుని ఉంటుంది.

శిలీంధ్రం అనగానే రోగం అనుకునేవాళ్ళకు ఇంకో మాట. భూమ్మీద మొక్కల్లో చాలా భాగం వేళ్ళలో శిలీంధ్రాలతో పొత్తు పెట్టుకునే బతుకుతున్నాయి. రోగాలు తెచ్చేవీ ఉన్నాయి, కాదనను. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల చివరల నుంచి మాడిపోతూ వచ్చాయి, గుర్తుందా? దానికి ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం ప్రధాన కారణం. చెట్లు చచ్చాయనుకుని నరికేద్దామన్నవాళ్ళూ ఉన్నారు. వేళ్ళు, మొదలు బాగున్న చెట్లు చాలావరకు మళ్ళీ చిగురించాయి. కొమ్మ గీరి లోపల పచ్చదనం ఉందో లేదో చూశాకే గొడ్డలి పట్టాలి.

"పుట్టగొడుగుల పెంపకంతో నెలకు లక్షలు"

ఇంట్లో పెంచుకోవడం సులువే, నేను ఉత్సాహంగా నేర్పుతాను. నానబెట్టి వేడినీటిలో శుద్ధి చేసిన వరిగడ్డి, జొన్న గింజల మీద పెంచిన స్పాన్ (విత్తనంగా వాడే శిలీంధ్రం), పాలిథిన్ సంచి, తేమ, దారాలు అల్లుకునేదాకా చీకటి, ఆ తర్వాత కాస్త వెలుతురు, గాలి ఉంటే చాలు, మూడు నాలుగు వారాల్లో ఆయిస్టర్ పుట్టగొడుగులు వస్తాయి. మన ఎండలకు పాల పుట్టగొడుగు ఇంకా బాగా సరిపోతుంది, అది 30 నుంచి 35 డిగ్రీల వేడిలోనే బాగా పెరుగుతుంది. 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి దాన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించారు. బటన్ రకానికి 14-18 డిగ్రీల చల్లదనం కావాలి, ఏసీ ఖర్చు లేకుండా హైదరాబాద్‌లో దాని జోలికి వెళ్ళకండి.

వ్యాపారం వేరే సంగతి. కోసిన ఆయిస్టర్ మామూలు గదిలో ఒక్క రోజులోనే వాడిపోతుంది. కొనేవాళ్ళు ఎవరో తేలాకే సంచులు కట్టాలి. "కిట్ మేమిస్తాం, పంట మేమే కొంటాం" అనేవాళ్ళకు ముందుగా వేలు కట్టకండి. వాళ్ళ పాత రైతులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. ఇంకొకటి, పంట గదిలోకి వెళ్ళేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఆయిస్టర్ సిద్ధబీజాలు రోజూ పీలిస్తే దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. మాంసంతో సమానమైన బలం అన్న ప్రచారం కూడా సరికాదు. పచ్చి పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీరే, వంద గ్రాములకు మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు. రుచి కోసం తినండి.

"నాకు బొమ్మలు రావు, నేను ఆర్టిస్టును కాను"

నాకు అత్యంత ఇష్టమైన తరగతికి జనాన్ని రానివ్వకుండా చేసే మాట ఇది. మొక్క బొమ్మకు కావలసింది కొలత, లెక్క. ఆకులు కాండానికి ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? కాండం గుండ్రమా, పలకలా? తులసి కొమ్మను వేళ్ళ మధ్య తిప్పి చూడండి, నాలుగు పలకలు తగులుతాయి. ఒక జత ఆకులు తూర్పు పడమరలుగా ఉంటే పై జత ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. రోజూ ప్రదక్షిణ చేసేవాళ్ళు కూడా ఇది గీసేటప్పుడే మొదటిసారి గమనిస్తారు. వేప, తురకవేప కొమ్మలు పక్కపక్కన పెట్టి గీయిస్తాను. వేపలో ఒకే ఈనెకు వరసగా చిట్టి ఆకులుంటాయి. తురకవేపలో ఆ ఈనె మళ్ళీ మళ్ళీ చీలుతుంది. పిల్లలు చీకే తీపి వేపపండు వేరు, విషమున్న తురకవేప కాయ వేరు. ఒకసారి గీసిన పిల్లవాడు ఇక ఎప్పటికీ పొరబడడు.

"ఫోటో ఉండగా బొమ్మెందుకు" అని అడుగుతారు. ఫోటో ఒక్క క్షణానిది. బొమ్మలో పువ్వు, కాయ, గింజ, కోసిన అండాశయం, వేర్వేరు నెలల్లో చూసినవన్నీ ఒకే కాగితం మీద పెట్టొచ్చు. అందుకే వృక్షశాస్త్రంలో నేటికీ చేతితో గీసిన బొమ్మలు వాడుతున్నారు.

ఇదేదో విదేశీ సరదా అనుకునేవాళ్ళు ఒక చరిత్ర తెలుసుకోవాలి. విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు 1781 నుంచి మన సామర్లకోటలో ఉండి, తోట వేసి, ఆ చుట్టుపక్కల మొక్కలను స్థానిక చిత్రకారులతో గీయించాడు. మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ బొమ్మల్లోంచి ఎంచిన 300 పటాలు 1795 నుంచి 1820 మధ్య మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. గీసిన మనవాళ్ళలో చాలామంది పేర్లు ఎక్కడా మిగల్లేదు. ఆ తర్వాత మద్రాసులో రాబర్ట్ వైట్ దగ్గర పనిచేసిన రంగయ్య, గోవిందుల పేర్లు దక్కాయి. ఒక ఆర్కిడ్ ప్రజాతికి వైట్ 1853లో గోవిందు పేరు మీద గోవిందూయియా అని పేరు పెట్టాడు. మన గడ్డ మీద మన చేతులు చేసిన పని ఇది. తరగతికి ఒక హెచ్‌బీ పెన్సిల్, తెల్ల కాగితం, స్కేలు, చేతి భూతద్దం తెచ్చుకుంటే చాలు. రంగులు తర్వాత.

మిద్దె తోట మాటలు కొన్ని, క్లుప్తంగా

కుండీ అడుగున రాళ్ళు పోస్తే నీరు బాగా దిగుతుందంటారు. నిజానికి సన్నటి మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా నీరు కింది గరుకు పొరలోకి జారదు. రాళ్ళు పోస్తే తడి మట్టి వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. చిల్లుల మీద చిన్న జాలీ ముక్క వేసి మొత్తం మట్టే నింపండి. టమాటా అడుగు నల్లబడితే గుడ్డుపెంకులు వేయమంటారు. పెంకులు మట్టిలో కలవడానికి చాలాకాలం పడుతుంది, పైగా లోపం ఎక్కువసార్లు నీళ్ళది. రెండు రోజులు ఎండగట్టి మూడోరోజు ముంచెత్తితే కాయ చివరకు కాల్షియం చేరదు. ఆకు పసుపెక్కగానే ఎరువు వేయకండి, వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి తడి చూడండి. కొబ్బరి పొట్టు తేమ పట్టి ఉంచుతుంది గానీ పోషకాలు పెద్దగా ఇవ్వదు. ఇక బరువు: పొడవు, వెడల్పు, ఎత్తు అడుగు చొప్పున ఉన్న సంచిలో ఎర్రమట్టి నింపి తడిపితే నలభై కిలోలు దాటుతుంది. పాత మిద్దె అయితే ఇంజినీరును అడిగాకే మొదలుపెట్టండి, సంచులు దూలాల మీదుగా, గోడల వెంట పెట్టండి.

"పిందెలు రాలిపోతున్నాయి, ఏ మందు కొట్టాలి?"

ఈ ప్రశ్న అడిగినవాళ్ళ చేతికి మందు బదులు కాగితం ఇస్తాను. సొరతీగ మీది రెండు పువ్వులు గీయమంటాను. ఒకదాని కింద ఉత్త సన్నని కాడ, ఇంకోదాని కింద చిట్టి సొరకాయ. మొదటిది మగపువ్వు, రెండోది ఆడపువ్వు. మీరు పిందె అనుకున్నది ఇంకా పరాగం (పుప్పొడి) అందని అండాశయం, అంటే కాయగా మారాల్సిన భాగం. పరాగం అందకపోతే తీగ దాన్ని పసుపెక్కించి రాల్చేస్తుంది, ఏ మందూ దాన్ని ఆపలేదు. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, దాని కోసం వచ్చేవి రాత్రిపూట తిరిగే రెక్కపురుగులు. ఐదో అంతస్తు మేడ మీదికి, వీధి దీపాల మధ్యకు అవి ఎక్కువ రావు. కాబట్టి ఆ పని మీరే చేయండి. మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. బీరకు కూడా సాయంత్రమే. నేతిబీర, గుమ్మడి, కాకర మాత్రం పొద్దున్నే విచ్చుకుంటాయి, వాటికి ఎండ ముదరకముందే, ఉదయం తొమ్మిది లోపు అద్దండి.