తక్కువ జీతమూ వెట్టే: హైదరాబాద్ కొలువుల వెనుక కథ

కోఠిలోనో అమీర్‌పేటలోనో చిన్న దుకాణంలో, ఆఫీసులో చేరినవాళ్లకు కొన్ని షరతులు మొదటి రోజే నోటిమాటగా తెలిసిపోతాయి. పది నిమిషాలు లేటైతే సగం రోజు జీతం కట్. మొదటి నెల జీతం ఓనర్ దగ్గరే ఆగుతుంది. మానేస్తానంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికి రావు. పని చేయని సమయానికి మించి జీతం కోయకూడదని చట్టం చెబుతూనే ఉంది. అయినా ఓనర్ మాటే చెల్లుతోంది.

నిజాం రాజ్యంలో దొరలకు ఊరికే చేసే చాకిరీ వెట్టి. అప్పు కింద కట్టుబడి చేసేది భగేలా. 1946–51 సాయుధ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణం. తర్వాత రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఈ రెండు పద్ధతులనూ పేరు పెట్టి మరీ చేర్చింది.

మరి ఇప్పటి ఓనర్ ఎవరినీ కట్టిపడేయడు కదా, జీతం తక్కువ ఇస్తాడంతే. అదీ వెట్టేనా? అవునని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణాల్లో రోజు కనీస కూలీ 9.25 రూపాయలు. కూలీలను తెచ్చే జమాదారు తన కమీషన్ కింద రూపాయి పట్టుకుని 8.25 చేతిలో పెట్టేవాడు. ఆకలికి తాళలేక కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకున్నా అది బలవంతపు చాకిరీయేనని జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం చెప్పింది. ‘ఇష్టమైతే చెయ్, లేకపోతే పో’ అనే సేఠ్‌కు ఇంతకన్నా సూటి జవాబు ఇంకోటి లేదు.

అయితే ఆ కనీస వేతనం ఎంత? చిక్కంతా ఇక్కడే. 1948 కనీస వేతనాల చట్టం ప్రకారం ఐదేళ్లు దాటకుండా రేట్లు సమీక్షించాల్సి ఉండేది. తెలంగాణ 2021 జూన్‌లో ఐదు జీవోలు ఇచ్చింది, గెజిట్‌లో మాత్రం వేయలేదు. గెజిట్‌కెక్కని రేటును అడిగి వసూలు చేసుకోలేం. గెజిట్‌లో వేయించడం కోసం హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. నన్నడిగితే, నోటి దురుసు ఓనర్ల కన్నా ఈ జాప్యమే కార్మికుల కడుపు ఎక్కువ కొట్టింది.

పని గంటలు, తొలగింపుల సంగతి 1988 దుకాణాలు, సంస్థల చట్టానిది. ఆరు నెలలు వరసగా పనిచేసినవారిని తగిన కారణం లేకుండా తీసేస్తే నెల ముందు రాతపూర్వక నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. వారానికి 48 గంటలు దాటితే ఓటీ, అంటే అదనపు పనికి జీతం, రెట్టింపు. 2025 జూలైలో వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల దాకా వెసులుబాటు ఇచ్చినా ఆ 48 మారలేదు.

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. కనీస వేతనం బకాయికి ఇదివరకు ఆరు నెలల్లో అర్జీ పెట్టాలి, ఇప్పుడు మూడేళ్ల గడువు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర కార్మిక శాఖ ఆఫీసు ఉన్న కార్మిక భవన్‌కు టి. అంజయ్య పేరు పెట్టారు. ఆల్విన్‌లో దినకూలీగా మొదలై ముఖ్యమంత్రి అయినాయన. అర్జీ ఎక్కడ పెట్టినా ముందు తేలాల్సింది, అక్కడ పనిచేసినట్టు ఆధారం ఏదీ అని. ఓనర్ ఫోన్‌పేలో వేసిన డబ్బు, ‘రేపు తొమ్మిదికల్లా రా’ అన్న వాట్సాప్ మెసేజ్, హాజరు పుస్తకం ఫొటో ఇక్కడ పనికొస్తాయి. అది తేలితే, జీతం ఇచ్చేశానని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కొత్త కోడ్ ప్రకారం ఓనర్‌దే.