అర చెంచా నీళ్ళు

రాత్రి పళ్ళెంలో వరసగా పేర్చి, మీద పల్చటి గుడ్డ కప్పి పడుకున్నాం. స్నానం నీళ్ళలో వేసుకోవడానికి ఇంట్లో చేసిన ఎనిమిది బాత్ బాంబ్ ముద్దలు, ఒక్కొక్కటీ నిమ్మకాయంత, గుండ్రంగా, నున్నగా. పొద్దున్నే మా అక్క కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, పళ్ళు కూడా తోముకోకుండా వెళ్ళి గుడ్డ తీసి "పిన్నీ, ఇవి పెరిగాయి!" అని కేక పెట్టాడు. నిజంగానే పెరిగాయి. ఒకటి పగిలి పువ్వులా విచ్చుకుంది, రెండు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, పళ్ళెం అంచున ఉన్నదాని మీద పుట్టగొడుగులాంటి బొడిపె లేచింది. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటచిటమంటోంది. మాది విశాఖపట్నం, అది ఆగస్టు నెల, రాత్రంతా వాన.

వాడూ మా పాపా బాగా నిరాశపడ్డారు. నాకైతే అంతకంటే మంచి పాఠం దొరకదనిపించింది. సరిగ్గా వచ్చిన బాత్ బాంబ్ బకెట్లో వేయగానే రెండు నిమిషాల్లో అయిపోతుంది, పిల్లలు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. ఇలా చెడిపోయింది మాత్రం లోపల జరిగేదాన్ని రాత్రంతా నిదానంగా చేసి చూపిస్తుంది.

బాత్ బాంబ్ అంటే స్నానం నీళ్ళలో వేస్తే బుసబుసమని నురగ కక్కుతూ కరిగిపోయే ఉండ. ఇంగ్లండ్‌లో డోర్సెట్ ప్రాంతంలో 1989లో మో కాన్‌స్టాంటైన్ అనే ఆవిడ తన పెరట్లోని షెడ్డులో దీన్ని తయారుచేశారు, కడుపులో మంటకి నీళ్ళలో వేసుకుని తాగే బిళ్ళ పొంగడం చూసి ఆవిడకి ఆ ఆలోచన వచ్చింది. అక్కడ దీన్ని టబ్బులో వేసుకుంటారు. మన ఇళ్ళలో చాలావరకు టబ్బులు ఉండవు కాబట్టి బకెట్టో, కాళ్ళు పెట్టుకునే వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టో చాలు. ఇది మనకి పరాయిదేం కాదు, మన వంటింట్లో దీనికి చుట్టం ఈనో. అప్పటికప్పుడు చేసే రవ్వ ఇడ్లీలో ఈనో వేసి కలపగానే పిండి ఉబ్బుతుంది కదా, ఆ ప్యాకెట్ వెనక స్వర్జిక్షారం, నింబుకామ్లం అని ఆయుర్వేదం పేర్లు ఉంటాయి. ఒకటి వంట సోడా, రెండోది నిమ్మ ఉప్పు. బాత్ బాంబ్ నడిచేదీ ఆ రెండిటితోనే.

మా కొలత ఇది: వంట సోడా 200 గ్రాములు, నిమ్మ ఉప్పు 100 గ్రాములు, కార్న్ ఫ్లోర్ 100 గ్రాములు, కొబ్బరి నూనె రెండు చెంచాలు. కొట్లో కొనేటప్పుడు బట్టల సోడా కాదని చూసుకోండి, అది సోడియం కార్బొనేట్, చాలా ఘాటైన క్షారం, చర్మం మండుతుంది. నిమ్మ ఉప్పు పలుకులుగా ఉంటే మిక్సీలో పొడి చేసుకోవాలి, ఆ పని పెద్దవాళ్ళదే, ఎందుకంటే మూత తీయగానే లేచే పొడి ముక్కులోకి పోతే దగ్గు ఆగదు, కళ్ళలో పడితే భగ్గుమంటుంది. పొడులన్నీ కలిపి జల్లించి, నూనె వేసి, సున్నుండల పిండికి నెయ్యి పట్టించినట్టు వేళ్ళతో బాగా పట్టించాలి. పిల్లలకి అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. పిడికిట్లో బిగిస్తే ముద్ద కట్టాలి, బొటనవేలితో నొక్కితే విరిగి పొడి రాలాలి. అంతవరకు రాకపోతేనే నీళ్ళు, అవి కూడా స్ప్రే సీసాతో ఒకటి రెండుసార్లు, మొత్తం అర చెంచా దాటకుండా. అచ్చులు కొననక్కర్లేదు, నాన్‌స్టిక్ గుంత పొంగనాల పెనంలో నొక్కి బోర్లిస్తే సగం ఉండలు వస్తాయి, లేదంటే మేం చేసినట్టు చేత్తోనే చుట్టేయొచ్చు. అల్యూమినియం గిన్నెలు వద్దు, పులుపు వాటిని తింటుంది.

ఇక ఆ అర చెంచా సంగతి. పొడి చెంచాలో చిటికెడు సోడా, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి పిల్లల చేతే కలిపించండి. ఏమీ కాదు, పొడి పొడిగానే ఉంటుంది. ఇప్పుడు వేలు నీళ్ళలో ముంచి ఒక్క చుక్క వదలమనండి. చుక్క పడ్డచోట తెల్లటి నురగ లేస్తుంది, ఇంతవరకూ అందరూ చూసిందే. చూపు తిప్పకుండా ఇంకాసేపు చూడమనండి. తడి అంచు మెల్లగా పక్కకి జరుగుతూ, మనం చుక్క వేయని పొడిని కూడా తడిపేస్తూ పాకుతుంది. "నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయి పిన్నీ?" అని వాడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అదే.

నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం. దాని ఒక్కో అణువు దగ్గర వదులుకోగలిగిన హైడ్రోజన్లు మూడు ఉంటాయి, కానీ గట్టి పలుకులో ఉన్నంతసేపు అవి ఎటూ కదల్లేవు, సోడా కూడా తన పలుకులో తాను బిగుసుకుని కూర్చుంటుంది. తడి తగిలితే రెండూ కరుగుతాయి, అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా, విడివడి ఒకదాన్నొకటి చేరతాయి. అప్పుడు ఒక ఆమ్లం అణువుకి మూడు చొప్పున సోడా ఖర్చయి సోడియం సిట్రేట్ తయారవుతుంది, దానితోపాటు మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులూ, మూడు నీటి అణువులూ పుడతాయి. ఆ కొత్త నీళ్ళు పక్కనున్న పలుకుని కరిగిస్తాయి, అక్కడ మళ్ళీ నీళ్ళు పుడతాయి, అవి ఆ పక్కదాన్ని. మా కొలతల్లో చర్య మొత్తం పూర్తయితే ఆ పొడి పిండిలోంచే 25 మిల్లీలీటర్లకు పైగా నీళ్ళు వస్తాయి. మనం చల్లింది రెండు మూడు మిల్లీలీటర్లు. అంటే నీళ్ళు ఒకసారి లోపలికి అడుగుపెడితే చాలు, మిగతా నీళ్ళని పిండే తయారుచేసుకుంటుంది.

మా పళ్ళెంలో జరిగింది ఇదే. నేను చల్లిన నీళ్ళు ఎండిపోవాలంటే గాలి పొడిగా ఉండాలి, ఆగస్టు రాత్రి సముద్రం ఒడ్డున ఆ గాలి ఎక్కడిది, పైగా గాలిలో ఉన్న తేమే ముద్దల్లోకి దిగింది. పుట్టిన గ్యాస్ బయటికి పోయే దారి లేక ముద్దని లోపల్నించి నెట్టింది, అందుకే పగుళ్ళు, బొడిపెలు. కార్న్ ఫ్లోర్ వేసేది ఈ గొలుసుని అక్కడక్కడా తెంపడానికే, అది సోడాకీ ఆమ్లానికీ మధ్య అడ్డంగా కూర్చుని కాస్త తడిని తను పీల్చుకుంటుంది. కొందరు నీళ్ళకి బదులు స్పిరిట్ చల్లుతారు, దానిలో ఈ చర్య సరిగ్గా సాగదు, త్వరగా ఆరిపోతుంది కూడా, కానీ అది ఇట్టే అంటుకునే సరుకు, పిల్లల చేతికి నేనైతే ఇవ్వను.

గ్యాస్ ఎంతో కూడా పిల్లలతో లెక్క కట్టించాను. ఆ 100 గ్రాముల నిమ్మ ఉప్పు మొత్తం ఖర్చయితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 35 లీటర్లకు పైనే, ఇంటికొచ్చే 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు దాదాపు రెండు నిండుతాయి. ఒక్కో నిమ్మకాయంత ముద్దలో నాలుగు లీటర్లకు పైగా ఉన్నట్టే. తడి ఆరని ముద్దల్ని గాజు సీసాలో వేసి మూత బిగించొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే, సీసా పేలి గాజుముక్కలు లేస్తాయి. సోడా 200 గ్రాములు ఎందుకంటే, ఆ ఆమ్లానికి 130 గ్రాములు సరిపోతుంది, మిగిలిన సోడా నీళ్ళలో పులుపు మిగలకుండా చూస్తుంది.

నిమ్మ ఉప్పు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1784లో నిజంగానే నిమ్మరసం నుంచి దీన్ని వేరుచేశాడు. ఇప్పుడు కొట్లో దొరికే ప్యాకెట్టుకి నిమ్మకాయతో సంబంధం లేదు. ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజు పంచదార తిని సిట్రిక్ ఆమ్లాన్ని బాగా ఇస్తుందని అమెరికాలో జేమ్స్ కర్రీ 1917లో చూపించాడు, రెండేళ్ళకే ఫైజర్ కంపెనీ ఆ పద్ధతిలో తయారీ మొదలుపెట్టింది. ఉల్లిపాయ పొర తీస్తే కింద మసిలా అంటుకునే నల్లటి బూజు చూశారు కదా, చాలావరకు అది ఈ బూజో, దీని దగ్గరి చుట్టమో. ఇది చెప్పినప్పటినుంచి మా పాప ఉల్లిపాయలు తెచ్చినప్పుడల్లా ఒక్కోటీ తిప్పి చూస్తోంది.

జాగ్రత్తలు కొన్ని. ఇవి అచ్చం సున్నుండల్లా ఉంటాయి, చిన్నపిల్లలున్న ఇంట్లో వంటింటి డబ్బాల్లో పెట్టకండి. కర్పూరం, నీలగిరి తైలం కలపకండి, పసిపిల్లలకి అవి ప్రమాదం. ఒంటిమీద గాయాలున్నా, గజ్జి, తామర ఉన్నా వద్దు. ఆడపిల్లలు సెంటు కలిపిన నీళ్ళలో ఎక్కువసేపు కూర్చుంటే మూత్రం పోసుకునేచోట మంట పుట్టొచ్చు, అందుకని మేం సెంటే వేయలేదు, కొబ్బరి నూనె వాసన చాలు. నూనె వల్ల బాత్రూం గచ్చు జారుతుంది, అయ్యాక సబ్బునీళ్ళతో కడగండి.

మళ్ళీ జనవరిలో చేశాం. ఈసారి నీళ్ళు అసలు చల్లలేదు, నూనెతోనే చుట్టాం, రెండు రోజులు ఆరాక తీస్తే గోలీల్లా గట్టిగా ఉన్నాయి. రెండు బకెట్లు పెట్టి ఒకదానిలో స్నానానికి కాచిన వేన్నీళ్ళు, ఒకదానిలో చన్నీళ్ళు పోసి, తలో ముద్ద ఒకేసారి వదిలారు. వేన్నీళ్ళలో వేసిన ముద్ద ఒకవైపు నుంచి ఎక్కువ గ్యాస్ కక్కుతూ, ఆ తోపుకి ఎదురుదిక్కున గిరగిరా తిరిగి త్వరగానే అయిపోయింది, చన్నీళ్ళది అప్పటికింకా సగం కూడా కరగలేదు.

తర్వాత చెడిపోయిన పాత ముద్దల పొడి తీసి, స్టీలు గ్లాసులో నాలుగు చెంచాలు వేసి, కాసిన్ని నీళ్ళు పోశాను. తెల్లగా పొంగింది, కానీ ఆగస్టులోనే చాలా ఖర్చయిపోయింది కాబట్టి జోరు తక్కువ. కొత్త పొడితో మళ్ళీ చేసి గ్లాసు పట్టుకోమన్నాను. మా పాప పట్టుకుని వెంటనే చెయ్యి తీసేసి, మళ్ళీ పట్టుకుంది. "అమ్మా, ఇది మరుగుతోంది కదా, మరి చల్లగా ఉందేంటి?" ఈ చర్య నడవడానికి వేడి కావాలి, అది చుట్టూ ఉన్న నీళ్ళ నుంచీ గ్లాసు నుంచీ లాక్కుంటుంది. ఇప్పుడు నీ అరచేతి నుంచి కూడా లాక్కుంటోంది అని చెప్పాను. వాడు గ్లాసు తీసుకుని చెంపకి ఆనించుకున్నాడు.